ఈతరాని మేస్త్రి

ఫకృద్దీన్‌కు ఈత రాదు. తడ చుట్టుపక్కల జాలరి పాళేల్లో అతని పేరు నిలబడింది దీనిమీదే. ఏదో ఒకటి చేతనయినందుకు పేరు తెచ్చుకున్నవాళ్లను చాలామందిని చూశాను గానీ, చేతకానందుకు ఇంత పేరూ ఇంత గిరాకీ వచ్చినవాణ్ణి మళ్లీ చూడలేదు.

ఎనభైల మొదట్లో నేను తడ హైస్కూల్లో లెక్కల అయ్యవారిని. నేను అద్దెకున్న ఇంటికీ అతని షెడ్డుకీ నడుమ ఒకటే గోడ. పొద్దున్నే నేను సంధ్యావందనానికి కూర్చునే వేళకే ఆ పక్క ఏదో ఒక ఇంజను దగ్గడం మొదలుపెట్టేది. నా గాయత్రి సగం అతని మోతలోనే నడిచింది. రెండుమూడుసార్లు పోట్లాడదామని వెళ్లాను కూడా. గుమ్మంలో నన్ను చూడగానే, గ్రీసు చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని, "సుదర్శనం సారూ, మీ పూజ అయిందా? ఇంగ గట్టిగా పెట్టుకోవచ్చునా?" అని అడిగేవాడు. అలాంటివాడితో ఏం పోట్లాడతాం?

అతని సొంతూరు బంగారుపాళ్యం. మామిడితోటల్లో బావుల మీద ఉండే ఆయిలింజన్లు బాగుచేసే కుటుంబం. భార్య జైనబ్ బీ వాళ్లది తడ. పెళ్లయ్యాక ఇక్కడికి వచ్చి షెడ్డు వేసుకున్నాడు. అక్కడ నీళ్లు బావి అడుగున ఉంటే, ఇక్కడ కనుచూపు మేరంతా పులికాట్ చెరువు. ఆ చెరువును చూసిన మొదటిరోజే భయం పట్టుకుందట. దాచుకోకుండా తనే అందరికీ చెప్పేవాడు.

అలాంటివాణ్ణి పడవల మీదికి ఎక్కించింది ఓబయ్య. చెరువు సముద్రంలో కలిసే చోటును ఆ పక్కవాళ్లు మొగ అంటారు. మొగ దగ్గరి పాళేనికి ఓబయ్య పెద్దకాపు, అంటే ఊరిపెద్ద. ఆ రోజుల్లో మద్రాసు రేవు నుంచి పాత ఇంజన్ పడవలు అమ్మకానికి వచ్చేవి. అమ్మేవాడు ఒడ్డున ఇంజను వేసి, లివరు సగానికి తోసి, "సూడప్పా, ఎంత మెత్తగా పలకతాండాదో" అనేవాడు. సగం రైజింగులో, అంటే సగం వేగంలో, ఏ ఇంజనైనా పెద్దమనిషే. అసలు రంగు బయటపడేది లివరు ఆఖరుదాకా తోసి, అలాగే ఉంచినప్పుడు. వేడెక్కేకొద్దీ లోపల దాచుకున్న జబ్బులన్నీ ఒక్కొక్కటే గొంతు విప్పుతాయి.

ఆఖరుదాకా తోయాల్సిన అవసరం పాళెంవాళ్లకు రోజూ ఉంటుంది. వలేసేటప్పుడూ తీసేటప్పుడూ ఇంజను నెమ్మదిగా తిరిగినా చాలు. మొగ దాటేటప్పుడు మాత్రం అలలు ఇసుకదిబ్బ మీద విరిగి ఎదురొస్తాయి. ఫుల్ రైజింగుతో వాటిని కోసుకుంటూ పోవాలి. నడుమలో ఇంజను ఆగితే పడవ అడ్డం తిరుగుతుంది, తిరిగితే బోల్తా పడుతుంది. అక్కడ పోయినవాళ్లలో ఈత రానివాడు ఒక్కడూ లేడు. విరిగే అలలో ఈత పెద్దగా అక్కరకు రాదు. ఈ మాట తెలిసి కూడా పాళెంవాళ్లు ఆలోచించిన తీరు చూడండి.

వాళ్లలో ఒక కట్టుబాటు ఉండేది. టెంకాయ కొట్టేదాకా కొనేవాడు ఆ పడవలో కాలు పెట్టకూడదు. పెడితే కొన్నట్టే. అందుకని ట్రయలుకు అమ్మేవాడి మనిషీ, కొనేవాడి తరఫున మేస్త్రీ మాత్రమే వెళ్లేవాళ్లు. ఫకృద్దీన్ మొదటిసారి వెళ్లినప్పుడు ఇంజను మూత మీద అరచెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, పెదాలు కదుపుతూ కూర్చున్నాడట. మొగ ఇంకా కాస్త దూరం ఉందనగానే ఎడమచెయ్యి పైకెత్తి, "తిప్పండప్పా, దీనికి వాటరుపంపు సరిగా లేదు" అని అరిచాడట. విప్పి చూస్తే అతను చెప్పినట్టే ఉంది. నీకెట్లా తెలిసిందని ఓబయ్య అడిగితే, "నాకు ఈత రాదన్నా. నా పానమంతా దాంట్లోనే పెట్టుకోని కూర్చుంటి" అన్నాడు.

ఆ మాట పాళేలన్నీ తిరిగింది. ఈత వచ్చిన మేస్త్రి చెవి సగం ఒడ్డు మీద ఉంటుంది, ఈత రానివాడి చెవి మొత్తం ఇంజను మీదే ఉంటుంది అని వాళ్లు తీర్మానం చేసేసుకున్నారు. అప్పటినుంచి అతను ఈతరాని మేస్త్రి. అతను పూర్తిగా మొగ దాటించి తెచ్చాడంటే ఆ పడవకు ఇంకెవరి మాటా అక్కర్లేదు. ఒకసారి కాళ్లు కడుక్కోవడానికి మోకాలి లోతుకు దిగితే ఓబయ్య ఒడ్డునుంచి కేకలేశాడు. "లోపలికి పోవద్దు మేస్త్రీ, అలవాటయిపోతాది!" అందరూ నవ్వారు గానీ, ఓబయ్య నవ్వలేదు. నాకు మాత్రం ఒళ్లు మండింది. వాళ్ల బతుకులకు భరోసా కోసం ఒక మనిషి జీవితాంతం భయపడుతూ ఉండాలా?

నాకంటే ఎక్కువ మండింది జైనబ్ బీకి. ఒక సాయంత్రం గోడ అవతలినుంచి పిలిచింది.

"సారూ, మీకు ఈత వచ్చంట గదా?"

"వచ్చమ్మా. నారాయణవనం బావుల్లో నేర్చుకున్నాను."

"మా మనిషికి నేర్పించండి. ట్రయలుకు పోయిన రోజు నాకు ముద్ద దిగదు. పాళెపోళ్లకు మాత్రం తెలీకూడదు. తెలిస్తే పిలవరు. పిలవకపోతే మాకు జరగదు." ఆమె గొంతులో బతిమాలడం లేదు. ఇంట్లో తేలిపోయిన విషయం నాకు చెబుతోంది, అంతే.

వరదయ్యపాళెం దారిలో దామోదరం అనే రైతు బావి ఉంది. వేసవి సెలవుల్లో తెల్లవారగానే సైకిళ్ల మీద అక్కడికి పోయేవాళ్లం. నలభై దాటిన మనిషికి వీపున బెండ్లు కట్టి నీళ్లలోకి దించడం ఎంత కష్టమో, పిల్లలకు నేర్పినవాళ్లకు తెలియదు. మొదటి వారమంతా మెట్టు రాయిని వదల్లేదు. నేను తిట్టాను, బతిమాలాను, వదిలేసి ఇంటికి పోతానని బెదిరించాను. చివరికి తనే ఉపాయం చెప్పాడు. "సారూ, దామోదరం అన్నను ఆ ఇంజను వెయ్యమనండి. అది మోగతా ఉంటే నాకు ధైర్యం." ఇంజను వేశారు. అది పైన డబడబమంటుంటే ఫకృద్దీన్ కళ్లు మూసుకుని రాయి వదిలాడు. మునగలేదు. తేలి, చేతులాడించి, అవతలి గోడ పట్టుకుని, "సారూ, సారూ!" అని బావి అదిరేలా అరిచాడు. నాకు కళ్లు చెమర్చాయి. లెక్కలు చెప్పి ఏ పిల్లవాణ్ణి పాసు చేయించినప్పుడూ అంత సంతోషం కలగలేదు.

మా ఇంట్లో బయటి వంట ముట్టరని జైనబ్ బీకి తెలుసు. బంగారుపాళ్యం నుంచి వచ్చిన బుట్టెడు మామిడిపళ్లు కోయకుండా అలాగే పంపింది.

వానలు వెళ్లి సముద్రం సర్దుకున్నాక రాజారత్నం పడవ సంగతి వచ్చింది. రాజారత్నం ఓబయ్య పాళెం మనిషే. మీసం రానప్పటినుంచి ఇతరుల పడవల్లో కూలికి వలలు లాగాడు. తనకంటూ ఒక పడవ ఉండాలన్నది అతని ఒకే ఒక్క కోరిక. బామ్మర్దితో కలిసి, మద్రాసు వ్యాపారి దేవనాథన్ తెచ్చిన పడవ చూసుకున్నాడు. ఆదివారం ట్రయలు. నాకూ చూడాలనిపించి, ఫకృద్దీన్‌తో బయల్దేరాను. బస్సు దిగి, గడకర్రతో నడిపే నాటుపడవ ఎక్కి చెరువు దాటి పోవాలి.

కొనేవాణ్ణి కాదు కాబట్టి నన్నూ ఎక్కించుకున్నారు. దేవనాథన్ మనిషి లివరు పూర్తిగా తోశాడు. ఇంజను గర్జించింది, పొగ నల్లగా లేచి తేలికైంది, పడవ ముక్కు ఎత్తి పరుగెత్తింది. ఫకృద్దీన్ మూత మీద చెయ్యి పెట్టి కూర్చున్నాడు. కానీ కళ్లు మూసుకోలేదు. మొగ దగ్గర గూడబాతులు బారులుగా లేస్తుంటే తలెత్తి చూశాడు. "సారూ, ఎంత పెద్ద రెక్కలు సూడండి! ఇన్నేండ్లు ఈ దోవన వచ్చినా ఇవి నా కంట పడనేలేదు" అన్నాడు. ముఖాన తుంపర పడితే నవ్వాడు. మొగ దాటి, తిరిగి వచ్చాం. ఎడమచెయ్యి లేవలేదు. ఒడ్డున రాజారత్నం టెంకాయ కొట్టి, పడవకు పసుపూ కుంకుమా పెట్టి, మొదటిసారి అందులో కాలు పెట్టాడు. నిలబడ్డ చోటే ఏడ్చేశాడు.

మేం నాటుపడవలో తిరుగుప్రయాణం అయ్యాం. చెరువు సగం దాటేదాకా ఫకృద్దీన్ తన అరచేతినే తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను.

"సారూ, నేను ఇనలేదు" అన్నాడు ఉన్నట్టుండి.

"ఏమి వినలేదు?"

"ఇంజను. అది ఫుల్లులో ఏమి పలికిందో నాకు గుర్తే లేదు. మునుపు ఒళ్లంతా చెవులే గదా. ఈపొద్దు పక్షులను సూస్తా కూర్చుంటి. అది మంచిదే అయ్యుండొచ్చు. కాకపోయినా నాకు తెలీదు. తెలీకుండా మంచిదని చెప్పేస్తి."

అతనికి ఈత నేర్పింది నేను. అయినా పైకి ధైర్యం చెప్పబోయాను. చెప్పులో రాయి పెట్టుకుని నడిచేవాడికి దారి బాగుందని చెప్పినట్టుంది నా మాట. రేపు రాజారత్నాన్నే పిలిచి మెల్లగా ఏదో సాకు చెప్పి మళ్లీ చూడొచ్చు కదా అన్నాను.

"తెల్లారి వలకు పోతాడు సారూ. టెంకాయ కొట్టినాక ఒగ రోజు గూడా ఆపడు. మొగలో అది నిలబడిపోతే?" అని గడకర్ర వేస్తున్నవాడివైపు తిరిగాడు. "తిప్పప్పా, ఎనక్కి తిప్పు."

వెనక్కి పోయి ఏం చెప్పాలో అతనికీ తెలుసు, నాకూ తెలుసు. ఊరికే మళ్లీ ట్రయలు అంటే ఎవరూ ఒప్పుకోరు. కారణం చెప్పాలి. చెబితే ఈతరాని మేస్త్రి ఉండడు. ఇన్నేళ్లు తెచ్చుకున్న పేరును చేతులారా చెరువులో పారేసుకోబోతున్నాడు. "ఇంకోసారి ఆలోచించుకో, జైనబ్ బీని తలుచుకో" అన్నాను. "తలుచుకున్నా సారూ" అన్నాడు.

పాళెంలో అప్పుడే అందరూ భోజనాలకు కూర్చుంటున్నారు. ఫకృద్దీన్ విస్తళ్ల నడుమ నిలబడి ఒక్క గుక్కలో చెప్పేశాడు. "నాకు ఈత వచ్చు. పోయిన ఎండాకాలం నేర్చుకుంటి. ఈపొద్దు నేను సరిగా ఇనలేదు. రత్నం, నీ పడవ మళ్లీ ఒగసారి ఫుల్లులో తోలి సూడాల."

ఓబయ్య మెల్లగా లేచాడు.

"మేస్త్రీ, ఏందప్పా నువ్వు సేసిన పని? నిన్ను నమ్మి గదా మా పిలకాయలను మొగలోకి పంపించేది!" అతని గొంతు కోపంతో మొదలై నడుమలో ఇంకేదో అయింది. "మరి ఎండాకాలంలో నువ్వు మంచిదని చెప్పిన మునిరత్నం పడవ?"

"అప్పుటికి నేర్చుకుంటా ఉండా."

"సగం ఈతన్నమాట" అన్నారెవరో. నవ్వు రాలేదెవరికీ. ఓబయ్య నావైపు తిరిగాడు. "నువ్వా సారూ నేర్పించింది? నిన్నెవురు నేర్పమన్నారు?"

నాకు ఆపుకోలేనంత కోపం వచ్చింది. "మనిషి మునిగి చావకుండా ఉండటం కూడా మీకు ద్రోహమేనా?" అని అరిచాను. అరిచాక, రాజారత్నం ముఖం చూసి సిగ్గుపడ్డాను. అతను ఎవరినీ తిట్టలేదు. విస్తరి ముందు కూర్చుని, తన పడవవైపు చూస్తున్నాడు. మళ్లీ తోలితే ఆ పడవ తనది కాకుండా పోతుందేమోనన్న దిగులు ఆ చూపులో ఉంది.

"తాడు తీసుకోండి" అన్నాడు ఫకృద్దీన్. "నా కాళ్లూ చేతులూ కట్టేసి ఇంజను పక్కన కూర్చోబెట్టండి. అప్పుడు నాకు ఈత వచ్చినా రానట్టే."

నాకు పిచ్చిమాట అనిపించింది. పాళెంవాళ్లకు అనిపించలేదు. అది న్యాయంగానే ఉందన్నట్టు ఓబయ్య తలూపాడు. దేవనాథన్ మాత్రం ఒప్పుకోలేదు. టెంకాయ కొట్టాక ట్రయలేమిటి, బేరం అయిపోయిందన్నాడు. అప్పుడు లేచాడు రాజారత్నం.

"బేరం అయిపోయింది గదన్నా. అయితే అది నా పడవ. నా పడవను నేను తోలుకుంటే నీకేమి?"

రాజారత్నం బామ్మర్ది చుక్కాని పట్టాడు. ఫకృద్దీన్‌ను ఇంజను పక్కన కూర్చోబెట్టి రాజారత్నమే తాడు అందుకున్నాడు. వద్దు వద్దంటూ నేనూ ఎక్కాను. రాజారత్నం అతని కాళ్లను కట్టి, చేతులను వెనక్కి విరిచి కట్టాడు. మూత మీద పెట్టడానికి చేతులు లేవు కాబట్టి ఫకృద్దీన్ వంగి తన చెంపను ఇంజను మూతకు ఆనించాడు. రాజారత్నం లివరు ఆఖరుదాకా తోశాడు.

చెరువులో బాగానే పోయింది. మొగ దగ్గరపడింది, మొదటి అల తెల్లగా లేచింది. ఫకృద్దీన్ కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాయి. నాకు ఒకటే మోత తప్ప ఏమీ వినిపించడం లేదు. ఆ అలల్లోకి పోతే ఈ కట్టిన మనిషిని నేను విప్పగలనా అని తాడు ముడివైపే చూస్తున్నాను. అంత భయం నేనెన్నడూ పడలేదు.

"తగ్గించు!" అని అరిచాడతను. "రత్నం, తగ్గించు! తిప్పండప్పా!"

లివరు వెనక్కి వచ్చింది. అల తాకకముందే పడవ మళ్లింది. నెమ్మదిగా ఒడ్డు చేరి, కట్లు విప్పగానే, ఫకృద్దీన్ ఇంజను పక్కమూత తీసి అడుగునుంచి కాస్త నూనె అరచేతిలోకి తీశాడు. ఎండలో పెడితే అందులో వెండిపొడి లాంటి మెరుపు. బేరింగు అరిగి రాలుతోంది. చల్లగా ఉన్నప్పుడు చిక్కటి నూనె దాన్ని కప్పేసింది. ఫుల్లులో కాసేపు కాగాక, గిన్నెలో శనగగింజ వేసి ఆడించినట్టు లోపల చిన్న చప్పుడు వచ్చిందట. తెల్లవారి వేటకు పోయుంటే, మొగలోనో సముద్రంలోనో అది బిగుసుకుపోయేది. దేవనాథన్‌కు ఈ సంగతి ముందే తెలుసో లేదో నాకిప్పటికీ తెలియదు. దేవనాథన్ కొత్త బేరింగులు వేయించి మళ్లీ ఫుల్లులో తోలి చూపించేదాకా పడవ ఇక్కడే ఉంటుందని ఓబయ్య తేల్చి చెప్పేశాడు. రాజారత్నం ఫకృద్దీన్ మణికట్టు మీద తాడు ఒరుసుకున్న చోట కొబ్బరినూనె రాస్తూ కూర్చున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు నేను అన్నాను, "తాడు కట్టించుకుంటే గానీ నీ చెవులు రాలేదన్నమాట. అంటే ఓబయ్య మాటే నిజం."

"లేదు సారూ. తాడు కట్టినా నాకు భయం కాలేదు. బావిలో తేలినోడికి ఆ భయం మళ్లీ యాడొస్తాది?" అన్నాడు. "నా చేతులు కట్టేటప్పుడు రత్నం చేతులు వణకతా ఉండాయి. ముడి పడనే లేదు, రెండుమూడు తూర్లు జారిపోయింది. ఇన్నేండ్లు ట్రయలు సూస్తి, కొనేవోడు ఒడ్డునే ఉంటాడు గదా, వాని చెయ్యి నాకు ఎప్పుడూ తగల్లేదు. అది తగిలినాక ఇంగ నాకు పక్షులూ లేవు, సముద్రమూ లేదు."

జైనబ్ బీ ఆ మణికట్లు చూసి మమ్మల్నిద్దర్నీ కలిపి తిట్టింది. ఉర్దూలో మొదలుపెట్టి, నాకు అర్థం కావాలని తెలుగులోకి మళ్లింది. నోరు మూసుకుని పడ్డాను.

కొన్నాళ్లు పాళేలనుంచి ఎవరూ రాలేదు. అతను బావుల ఇంజన్లు బాగుచేసుకుంటూ ఉన్నాడు. తర్వాత ఒక పొద్దున పక్క పాళెం నుంచి వెంకటముని అనే మనిషి వచ్చి, తాను పడవ కొంటున్నానని, ట్రయలుకు రమ్మని పిలిచాడు. చేతిసంచిలోంచి కొత్త తాడు కూడా తీశాడు. ఆ సంగతి కూడా పాళేలన్నీ తిరిగినట్టుంది.

ఫకృద్దీన్ ఆ తాడును తిరిగి సంచిలో పెట్టించాడు. "ఇది వద్దన్నా. నువ్వు నాతో ఎక్కాల."

"టెంకాయ కొట్టకముందే కాలు పెడితే కొన్నట్టే గదా మేస్త్రీ? మా పెద్దోళ్లు ఒప్పుకోరు."

"అట్లయితే నేను రాను."

వెంకటముని వెళ్లిపోయాడు. వారం తిరక్కుండా, తానూ ఎక్కుతానని ఒప్పుకుని మళ్లీ వచ్చాడు. ఆ ట్రయలు నేను ఒడ్డునుంచి చూశాను. ఇంజను ఆఖరు రైజింగులో అరుస్తూ మొగవైపు పోతోంది. ఫకృద్దీన్ కుడిచెయ్యి ఇంజను మూత మీద ఉంది. ఎడమచేత్తో వెంకటముని మణికట్టు పట్టుకుని ఉన్నాడు. మొగ దాటి, మళ్లీ తిరిగి ఒడ్డుకు వచ్చేదాకా ఆ చెయ్యి వదల్లేదు.